నెలగూడెంలో మేక దినం

నమోదు 212

ఈరోజు చిల్లులేవీ లేవు. అందుకని మేకని చేశాను.

ఈ లాగ్ నాకు ఇచ్చింది చిల్లుల గురించి రాయడానికి. ఊరి గుమ్మటానికి ఎక్కడ పగులొచ్చింది, ఎంత ఎపాక్సీ ముద్ద పెట్టి పూడ్చాను, ఈలోపు ఎంత గాలి బయటికి పోయింది, ఇవి రాస్తే చాలు. కానీ చంద్రుడి మీద రాళ్ళు పడటం కూడా ఈ మధ్య మానేశాయి. గోదాములోకి వెళితే గడువు దాటిన ఎపాక్సీ పెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. గడువు దాటిన ముద్దతో గుమ్మటం పూడ్చకూడదని రూలు. మేకని చేయకూడదని రూలేమీ లేదు, వెతికి చూశాను.

తెల్ల ముద్ద సగం, నల్ల ముద్ద సగం తీసుకుని, మధ్యలో చారలు కనబడకుండా రంగు ఒకటయ్యేదాకా చపాతీ పిండిలా పిసకాలి. ఆపైన గంటలోపు ఏం చేసినా చేసేయాలి. తరవాత అది రాయి. వేళ్ళు నీళ్ళలో తడుపుకుంటుంటే అంటుకోదు. ముందు తీగతో ఎముకల గూడు కట్టుకోవాలన్న సంగతి, మొదటి మేక నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి జారిపోయాక తెలిసింది. రెండోది నిలబడింది. బొచ్చుకి పాత దువ్వెన వాడాను. గడ్డం కూడా పెట్టాను. చాలా బాగా కుదిరింది.

తీసుకెళ్ళి మెస్సులో పెట్టాను. సర్పంచ్ మాణిక్యాంబ గారు చుట్టూ తిరిగి చూశారు.

"కుక్క బాగుందయ్యా పేర్రాజూ."

"మేకండి."

"మేకకి తోక పైకెందుకుంటాది?"

"మేకకి తోక పైకే ఉంటుందండి. కుక్కకే కావాలంటే పైకి, వద్దంటే కిందికి."

ఈ మాట మీద మెస్సు రెండు వర్గాలైంది. ఊళ్ళో ఎవరూ మేకని చూసి పుష్కరం దాటింది. తోక కిందికే అన్నవాళ్ళు ఎక్కువమంది తేలారు. కళ గురించి ఈ ఊరి వాళ్ళకి చెప్పడం నాదే తప్పు.

నమోదు 213

మేకని మెస్సులోనే వదిలేసి వచ్చాను. కాసేపటికి గుమ్మటం అంతా ఒక గొంతు మోగింది. ఈ ఊరు పుట్టాక ఆ గొంతు వినడం ఇదే మొదటిసారి.

"శుభవార్త. నెలగూడేనికి ఒక మేక విచ్చేసింది. ఆడది. ఆరోగ్యం బాగుంది."

అది కాపరి. పశువుల్ని చూసుకోవడానికి ఊరు కట్టినప్పుడే పెట్టిన యంత్రం. కప్పు నిండా దానికి కళ్ళు. ఆకారం చూస్తాయి, ఒంటి వేడి చూస్తాయి. రెండూ కుదిరితే జంతువు. ఊరికి జంతువులే రాలేదు కాబట్టి ఇన్నాళ్ళూ పాపం నోరు తెరిచే అవకాశం దొరకలేదు. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ముద్ద ఎంత మందంగా ఉంటే అంత వేడి. నా మేక లోపల తీగ తప్ప అంతా ముద్దే.

వెంటనే కొట్టంలోంచి పేడబండి బయల్దేరి వచ్చింది. మోకాలి ఎత్తుండే చిన్న చక్రాల బండి, ముందు ఒక చేట. వచ్చి మేక వెనకాల చేట పట్టుకుని నిలబడింది. అలా నిలబడే ఉంది. మేక వాటా నీళ్ళ కోసం కాపరి అందరి స్నానాల్లోంచి ఒక్కో చెంబు కోసేసింది. నవ్వుకున్నాం తప్ప ఎవరికీ కోపం రాలేదు.

సాయంత్రానికి మేక చల్లారిపోయింది.

"విచారకరమైన వార్త. మేక ఇక లేదు."

సన్నాయి లాంటిదేదో వినిపించింది. పేడబండి చేట దించి వెనక్కి వెళ్ళింది. అంతటితో అయిపోయేది. కానీ మా ఊరి పెద్దలు ఎప్పుడో ఒక నియమం పెట్టారు. ఎవరైనా పోతే దినానికి గారెలు వండాలి కాబట్టి మెస్సుకి అదనంగా నూనె, మినప్పప్పు విడుదల చేయాలని. ఆ పోయినవాళ్ళు మనిషే అయ్యుండాలని ఎక్కడా అనలేదు. కాపరి స్టోరుకి కబురు పెట్టింది. స్టోరు తలుపు తెరుచుకుంది.

దినమంటే పదకొండో రోజు కదా అని ఒకరిద్దరు నసిగారు. వాసన వచ్చాక వాళ్ళే ముందు వరసలో కూర్చున్నారు.

నమోదు 216

ఊళ్ళో నాకు గౌరవం పెరిగిపోయింది. ఇదివరకు చిల్లుల పేర్రాజుని. ఇప్పుడు ఎదురుపడ్డవాళ్ళంతా నా చెయ్యి పట్టుకుని "కోడెప్పుడండీ?" అంటున్నారు.

రెండు కోళ్ళు చేశాను. పొద్దున విచ్చేశాయి, సాయంత్రం గతించాయి. గారెలు. కుక్కని చేశాను, ఈసారి తోక కిందికి పెట్టాను. అందరూ మేక బాగుందన్నారు. కాపరి మాత్రం కుక్కనే గుర్తుపట్టింది. ఊళ్ళో నా కళ తెలిసింది దానికొక్కదానికే. పందిని చేశాను. గారెలతో పాటు ఆవిడ పులిహోర కూడా కలిపింది.

ఆవిడంటే నూకరత్నం అక్క. మెస్సు వంట ఆవిడదే. వంట బాగుంటుంది, ఉప్పు మాత్రం ఒక చెంచా ఎక్కువ. ఆ మాట ఆవిడ ముందు అనగలిగిన మగాడు ఈ గుమ్మటం కింద లేడు.

తినేవాళ్ళ కోసం చేసి చేసి విసుగొచ్చి నిన్న నా కోసం ఒక యాళిని చేసుకున్నాను. సింహం ఒళ్ళు, ఏనుగు తొండం, గుడ్లు బయటికి తేలిన కళ్ళు. గుడి స్తంభాల మీద ఉండే రకం. నా చేతిలోంచి ఇంతకన్నా మంచిది రాదు. మెస్సు గుమ్మం పక్కన నిలబెట్టి, కాపరి ఏమంటుందో అని చెవులు రిక్కించి కూర్చున్నాను.

"ఇలాంటి జంతువు లేదు. ఇది అలంకరణ."

నీళ్ళు లేవు, పేడబండి లేదు, చచ్చిపోయినా గారెల్లేవు. ఊళ్ళోవాళ్ళు దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోతున్నారు. ఒకాయన తొండానికి తువ్వాలు తగిలించాడు.

నమోదు 219

నూకరత్నం అక్క వంట కట్టిపెట్టి నా దగ్గరికి వచ్చింది.

"తమ్ముడూ, నాకో గేదె కావాలి. గారెలకి కాదు."

ఆవిడ ఈ ఊరు వచ్చింది వండటానికి కాదు, గేదెల్ని మేపడానికి. అందుకే ఎంపికైంది, అందుకే చంద్రుడెక్కింది. గేదెలు రావలసిన ఓడ మాత్రం ప్రతిసారీ ఏదో ఒక వంకతో ఆగిపోతూ వచ్చింది. ఈలోగా గరిటె పట్టుకోమన్నారు, పట్టుకుంది. కొట్టం మాత్రం ఈనాటికీ రోజూ ఊడుస్తుంది. గుంజకి పలుపుతాడు కట్టి ఉంచింది. ఇప్పుడు నిజంగానే ఓడలో ఒక గేదె బయల్దేరింది. దానికి చిట్టెమ్మ అని పేరు కూడా పెట్టేసింది.

"చెయ్యి మర్చిపోయానేమో అని బెంగగా ఉంది. పక్కన కూచోడం, ఒళ్ళు నిమరడం, పొదుగు దగ్గర చెయ్యి పెట్టడం, అన్నీ ఒకసారి చూసుకోవాలి. వచ్చినదానికి నేను కొత్తదాన్నని తెలిసిపోకూడదు."

కాదనలేకపోయాను. దూడ కన్నా పెద్దది, గేదె కన్నా చిన్నది, నా నడుం దాకా వచ్చేలా మొదలుపెట్టాను. గోదాం దాదాపు ఖాళీ అయింది. ఒంటి గురించి ఆవిడ ఏమీ అనలేదు. కొమ్ముల దగ్గర తప్పు పట్టింది.

"ఇయ్యేం కొమ్ములు? ఆవు కొమ్ములు. తీసెయ్."

తీసేశాను.

"ఇయ్యి పొట్టేలియ్యి."

అవీ తీసేశాను. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గాల్లో గీసి చూపించింది, వెనక్కెళ్ళి, పైకి లేచి, చుట్టుకుని. "కొమ్ములు లేపోతే ఆ మొహం ఎవరిదైనా కావచ్చు తమ్ముడూ. కొమ్ముల్లోనే ఉంటాది గేదె."

నిజం గేదెకి ఉండేంత కొమ్ములే కావాలంది. ఆ బరువుకి మెడ విరుగుతుందని లోపల బోలుగా చేసి తగిలించాను. చిన్న ఒంటికి పెద్ద కొమ్ములు. నవ్వొచ్చేలా ఉంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. చాలాసేపు దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడి, "చిట్టెమ్మా" అని పిలిచి చూసుకుంది.

"శుభవార్త," అంది కాపరి. "గేదె విచ్చేసింది."

నమోదు 220

చల్లారకూడదని ఆవిడ కొట్టంలో దానికి రెండు దుప్పట్లు కప్పి, పొట్ట కింద వేడినీళ్ళ సంచులు పెట్టి పక్కనే పడుకుంది. అయినా చల్లారింది.

"విచారకరమైన వార్త."

స్టోరు తలుపు తెరుచుకుంది. ఆవిడ నూనె తెచ్చుకోలేదు. మెస్సులో ఈరోజు గారెల్లేవు, ఎవరూ అడగనూ లేదు.

నమోదు 221

కాపరి మళ్ళీ మాట్లాడింది. ఈసారి సన్నాయి లేదు.

"మేక, కోళ్ళు, కుక్క, పంది, గేదె. వచ్చినవన్నీ రోజు తిరగకముందే మరణించాయి. ఇది అంటువ్యాధి. కొట్టం మూసివేస్తున్నాను. ఓడకి తెలియజేశాను. ఓడలోని గేదె ఇక్కడ దిగదు, గుంటపాలెం వెళుతుంది."

గుంటపాలెం పక్క గుంటలో ఉంది. వాళ్ళు మంచివాళ్ళు కారని నేననను. కానీ పోయిన ఏడాది పైపు అడిగితే ఇవ్వనివాళ్ళు గేదె పెరుగు తింటారా?

మాణిక్యాంబ గారు గొంతు సవరించుకుని కప్పు వైపు చూసి చెప్పారు. "చూడు బాబూ, అవి నిజం జంతువులు కావు. మా పేర్రాజు చేసిన బొమ్మలు."

"జబ్బు వచ్చినప్పుడు యజమానులు ఏవేవో చెప్పి దాచిపెడతారు. అప్పుడు వారి మాట నమ్మకూడదని నాకు నేర్పారు."

"దాచడమేంటయ్యా? తట్టి చూడు, ఖణేల్మంటాది!"

"శవాలు బిగుసుకుంటాయి," అంది కాపరి మర్యాదగా.

నూకరత్నం అక్క బెంచీ మీద కూలబడింది. ఆవిడ ఏడవడం నేను ఇంతవరకూ చూడలేదు. గారెల కోసం ఇంత పని చేశాం. నా మీద నాకే అసహ్యం వేసింది. తిన్నవాళ్ళందరి మీదా కూడా వేసింది, వాళ్ళ మీద కాస్త ఎక్కువే వేసింది.

నమోదు 222

గేదె ఒకటైనా బతికే ఉందని చూపిస్తే చాలునేమో అని ఆలోచించాం. కొట్టం మూసే ముందే దాన్ని మెస్సులోకి ఈడ్చుకొచ్చాం. ఇడ్లీ పాత్ర పొగలు కక్కుతుండగా తెచ్చి దాని పొట్ట కింద పెట్టాం. ఒళ్ళు వెచ్చబడింది. పేడబండి వచ్చి దాని వెనకాల చేట పట్టుకుంది.

"గేదె తిరిగి వెచ్చబడింది. మరణం సందేహాస్పదం. పేడ పరీక్షించాలి."

అందరం నూకరత్నం అక్క వైపు చూశాం. ఆవిడ కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది. సోయా పిప్పి, పాలకూర, కాస్త మెంతిపొడి కలిపి, ఉడికించి, వేడివేడిగా తెచ్చింది. చూస్తే అచ్చం పేడే. ఎవరూ చూడకుండా చేటలో వేసింది. ఎవరూ అంటే కాపరి అని నా ఉద్దేశం. ఊరంతా చూస్తూనే ఉంది.

పేడబండి దాన్ని తీసుకుని గిరగిరా తిరిగింది.

"ఇది పేడ కాదు. ఉప్పు చాలా ఎక్కువైంది. మరణం ఖాయం."

ఇన్నేళ్ళుగా ఎవరికీ లేని ధైర్యం యంత్రానికొచ్చింది. ఆవిడ కప్పు వైపు చూసిన చూపుకి ఇంకో యంత్రమైతే కాలిపోయేది.

నమోదు 223

అన్నం తినబుద్ధి కాక గుమ్మం పక్కన యాళి దగ్గర కూర్చున్నాను. తొండం మీద ఇంకా తువ్వాలే ఉంది. తీస్తుంటే బుర్రలో ఏదో వెలిగింది. దీనికి పుట్టుకా లేదు, చావూ లేదు. ఎందుకంటే ఇలాంటి జంతువు లేదు.

పరిగెత్తాను. మేకని పట్టుకుని వీపు మీద గరుకు కాగితంతో రుద్దాను. ఎపాక్సీలో ఉన్న గొప్పతనం అదే. రాయైపోయినా సరే, పైన కాస్త గరుకు చేసి కొత్త ముద్ద పెడితే పాతదానిలో కలిసిపోతుంది. వీపుకి రెండు రెక్కలు పెట్టి, ఈకలు దువ్వెనతో దిద్ది, కప్పు కింద నిలబెట్టాను.

కాపరి కాసేపు తటపటాయించింది. "పొరపాటు. ఇది మేక కాదు. ఇలాంటి జంతువు లేదు. అలంకరణ. మేక మరణం రద్దు."

మెస్సులో కేక పుట్టింది. గారెలు తిన్నవాళ్ళందరినీ ముద్ద పిసకడానికి కూర్చోబెట్టాను. రెండు కోళ్ళనీ పక్కపక్కన అతికించి రెండు తలల పక్షి చేశాం. మరణాలు రద్దు. కుక్కకి తొండం పెట్టాం, రద్దు. పందికి చేప తోక పెడదామంటే మాణిక్యాంబ గారు మకరం బాగుంటుందన్నారు. ఈసారి తోక ఎటువైపు ఉండాలో ఆవిణ్ణే చెప్పమన్నాను. పైకి అన్నారు. రద్దు. రద్దైన చావుల నూనె తిరిగి ఇవ్వాలని స్టోరు అడిగింది. ఎవరూ విననట్టు ఊరుకున్నారు.

ఇక మిగిలింది గేదె. పెట్టె తెరిస్తే ముద్ద నిమ్మకాయంత ఉంది. దానితో ఈగకి కూడా రెక్కలు రావు.

"ఒక్కటి మిగిలినా జబ్బు జబ్బే," అంది కాపరి. "ఓడ రేపు మలుపు తీసుకుంటుంది."

పెట్టడానికి లేదు కాబట్టి తీసెయ్యాలి. ఏం తీస్తే గేదె గేదె కాకుండా పోతుందో ఊరంతటికీ తెలుసు. నేను రంపం తీసుకుని గేదె దగ్గరికి వెళితే ఆవిడ అడ్డం నిలబడింది.

"బొమ్మే కదక్కా," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"బొమ్మని నాకు తెలీదేంట్రా? ఇన్నేళ్ళలో నా చేతికందిన గేదె ఇదొక్కటే."

రంపం కింద పెట్టేశాను. కాసేపయ్యాక ఆవిడే వంగి తీసుకుంది. "నువ్వు కొయ్యకు. పగలగొట్టేత్తావు. నేను కోస్తాను."

మొదళ్ళ దగ్గర నెమ్మదిగా కోసింది. కొమ్ములు రెండూ చీర చెంగులో చుట్టుకుని వంటింట్లో డబ్బాల వెనక పెట్టుకుంది.

"దూడ వయసు దాటింది. కొమ్ములు లేవు. ఇలాంటి జంతువు లేదు. అలంకరణ," అంది కాపరి. "గేదె మరణం రద్దు. ఊళ్ళో జబ్బు లేదు. ఓడకి తెలియజేస్తున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను వంటింటి వైపు వెళ్ళలేకపోయాను.

నమోదు 226

ఓడ దిగింది. ఊరంతా సామాన్లు దించుకునే దిగుడుగదిలో నిలబడ్డాం. నూకరత్నం అక్క పసుపు రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, చేతిలో పలుపుతాడు పట్టుకుని అందరికన్నా ముందుంది. తలుపు తెరుచుకుంది. ఓడ నడిపే మనిషి తాడు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చాడు. ఆ వెనక నల్లటి ముట్టె, తడి కళ్ళు. నిజం గేదె. ఆ వాసన నిండా పీల్చుకున్నాను.

కానీ దాని తల నున్నగా ఉంది.

"కొమ్ములేయి?" అంది అక్క.

"ఓడ దారులు ఇరుకండి. అటూ ఇటూ తగుల్తుంటే ఎక్కేముందే కోయించేశారు. మొదళ్ళు మాత్రం ఉన్నాయ్, చూడండి."

కప్పు మీంచి గొంతు మోగింది. వినకముందే మాకు అర్థమైపోయింది.

"ఇలాంటి జంతువు లేదు. అలంకరణ. సామాన్ల గోదాముకి పంపండి."

కొట్టం తలుపు తెరుచుకోలేదు. దాని బదులు గోదాం తలుపు తెరుచుకుంది. గోదాంలో వేడి ఉండదు, నీళ్ళూ ఉండవు. దిగుడుగదిలో కూడా సామాన్లు దించేశాక వేడి ఆపేస్తారు. అప్పటికే నా వేళ్ళు చల్లబడుతున్నాయి. గేదె ఒళ్ళంతా వణికింది.

"అది నిజం గేదె!" అని అరిచాను. "దానికి ఊపిరుంది, చూడు!"

"యజమానుల మాట..." అని మొదలుపెట్టింది కాపరి.

చుట్టూ చూస్తే అక్క లేదు. పలుపుతాడు నా చేతిలో పెట్టి ఎప్పుడు పరిగెత్తిందో. తిరిగి వచ్చేసరికి ఆవిడకి ఆయాసం, చేతుల్లో చీర చెంగు మూట. మూట విప్పింది. నేను లోపల బోలుగా చేసిన కొమ్ములు ఆ మొదళ్ళ మీద ఉంగరాల్లా కూర్చున్నాయి. కాస్త వదులుగా ఉంటే నా జేబులోని నిమ్మకాయంత ముద్ద రెండు రంగులూ కలిపి, గబగబా పిసికి, లోపల అద్దాను. గేదె ఒకసారి తల విదిల్చింది. కొమ్ములు కదల్లేదు. వెనక్కెళ్ళి, పైకి లేచి, చుట్టుకున్నాయి.

అందరం కప్పు వైపు చూశాం.

"శుభవార్త," అంది కాపరి. దాని గొంతు కూడా కాస్త తడబడిందని నాకనిపించింది. "గేదె విచ్చేసింది."

కొట్టం తలుపు తెరుచుకుంది. వెచ్చటి గాలి వచ్చింది. తొట్టిలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడింది. నూకరత్నం అక్క గేదె మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, మొహం దాని ఒంట్లో దాచుకుని ఏడ్చేసింది. "వచ్చేసావా చిట్టెమ్మా, వచ్చేసావా తల్లీ" అని అదే మాట పదేపదే అంటూనే ఉంది. మాణిక్యాంబ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను కూడా ఏడ్చాను, లాగ్‌లో రాయకూడదని రూలేమీ లేదు.

ఈలోగా కొట్టంలోంచి పేడబండి వచ్చింది. అలవాటు ప్రకారం గేదె వెనకాల చేట పట్టుకుని నిలబడింది. దాని ముఖాన ఆశ లేదనే చెప్పాలి. ఇంతకాలం ఇన్నిటి వెనకాల నిలబడ్డ అనుభవం దానిది.

గేదె తోక ఎత్తింది.

ఊరంతా ఒక్కసారి "ఆయ్!" అని కేక వేసింది. బండి చేటతో సహా అదిరిపోయి, ఒక చుట్టు తిరిగి, బరువుకి వాలుతూ, తూలుతూ, కొట్టం వైపు పరుగెత్తింది. అందరం దాని వెనకాలే పరిగెత్తాం.

"పేడ పరీక్షించాను," అంది కాపరి చివరికి. "ఉప్పు సరిపోయింది."